లోపల రెండించులు

హెడ్మాస్టర్ గారి రిటైర్మెంట్ ఫంక్షన్‌కు ఆడ టీచర్లమంతా ఒకే రంగు కుర్తీలు వేసుకుందామని ఎవరికి తోచిందో గానీ, ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొత్తం 11 మందిమి. రంగు మీద రెండు రోజులు చర్చ నడిచి లేత ఊదా దగ్గర ఆగింది. తర్వాత ఇంగ్లిష్ టీచర్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టింది: "అందరూ పేరు పక్కన సైజు రాయండి. రాత్రి తొమ్మిదికి ఆర్డర్ పెట్టేస్తా."

పేరు పక్కన సైజు. మార్కుల జాబితా లాగా.

ఒక్కొక్కరే రాస్తూ పోయారు. ఎస్. ఎం. ఎం. ఎల్. సైన్సు టీచర్ ఎల్ రాసి పక్కన నవ్వు బొమ్మ పెట్టింది. పీఈటీ మేడం ఎస్ అని రాసింది, ఆమె రాయకపోయినా అందరికీ తెలిసిందే. నేను ఫోన్ పట్టుకుని వంటింట్లో చారు పొంగిపోయేదాకా నిలబడ్డాను. నాది డబుల్ ఎక్సెల్. రెండేళ్ళుగా అదే. అయినా వేలు ఒక ఎక్స్ కొట్టి రెండో ఎక్స్ దగ్గర ఆగిపోయింది. ఎక్సెల్ అని పంపేశాను. 43 ఏళ్ళ మనిషిని. లెక్కల టీచర్ని. పిల్లలు ఒక స్టెప్పు మింగేస్తే సగం మార్కు కోసే దాన్ని, నేనే ఒక అక్షరం మింగేశాను.

అయిదు రోజులకు పార్సిల్ వచ్చింది. ఇంటికి తెచ్చుకుని, తలుపు గడియ పెట్టుకుని వేసుకున్నాను. తల దూరింది, చేతులు దూరాయి, చంకల దగ్గర ఆగిపోయింది. కిందికి రాదు, పైకి పోదు. తిరుమలలో గోవిందా అన్నట్టు రెండు చేతులూ పైకెత్తుకుని అద్దం ముందు నిలబడి ఉన్నాను. అనంతపురం ఎండల సంగతి తెలిసిన వాళ్ళకు ఆ చెమట సంగతి చెప్పనక్కర్లేదు. చివరికి గడియ ఎట్లాగో తీసి పాపను పిలిచాను. తను వచ్చి, ఒక్క మాట అనకుండా, పిల్లాడికి చొక్కా విప్పినట్టు పైకి లాగి తీసింది. మడత పెట్టి మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది.

అప్పుడు నా మనసులో మొట్టమొదట వచ్చిన మాట "ఛీ, ఎంత లావైపోయాను". "ఈ కుర్తీ నాకు చిన్నది" అనే మాట రావడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. గాజులప్పుడు ఇట్లా అనుకోం కదా. గాజులమ్మే ఆమె మన చెయ్యి ఒకసారి నొక్కి చూసి "రెండూ ఆరు" అంటుంది. (రెండూ ఆరు అంటే రెండు ఇంచుల మీద పదహారింట ఆరు వంతులు. నేను ఆరో తరగతిలో భిన్నాలు చెప్పేటప్పుడు ఇదే ఉదాహరణ చెప్తాను, ఆడపిల్లలకు ఠక్కున ఎక్కుతుంది.) రెండూ నాలుగు పట్టకపోతే రెండూ ఆరు ఇవ్వమంటాం, బేరమాడతాం, వేసుకుని వస్తాం. ఎవరూ ఇంటికొచ్చి ఏడవరు. చెప్పుల నెంబరు కూడా అంతే. బట్టల దగ్గరికి వచ్చేసరికే ఆ అంకె ఒంటికి అంటుకుంటుంది.

కుర్తీని కవర్లో పెట్టుకుని పాతూరులో మా టైలరక్క దగ్గరికి పోయాను. సన్నటి సందు, ఒక మిషన్, గోడ నిండా మేకులు, మేకులకు కవర్లు, కవర్ల మీద చీటీలు. ఆమె కుర్తీని లోపలికి తిప్పి, పక్క కుట్టును వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఇందులో ఏముందని విప్పేది టీచరమ్మా? ఓవర్‌లాక్ కొట్టి అంచు దాకా కోసేసినారు. లోపల పావించు గూడా లేదు. రెడీమేడోళ్ళంత పీనాసోళ్ళు యాడా ఉండరు."

"మరేం చేద్దాం?"

"రెండు పక్కలా బద్దలేస్తా. రంగు గుడ్డ నా దగ్గరే ఉంది." అని కింద నుంచి లేత ఊదా గుడ్డ తీసింది. నేను ఆశ్చర్యపోతే నవ్వింది. "మీ స్కూలోళ్ళవి ఇది ఏడోది. రెండు మీటర్లు తెచ్చి పెట్టుకున్నా."

"ఏడా? ఎవరెవరివి?"

"అది మీరడగగూడదు, నేను చెప్పగూడదు. కొన్ని వదులు చేసేవి, కొన్ని బిగించేవి. అంతే."

11లో 7. అంటే గ్రూపులో అంత ధీమాగా అక్షరాలు రాసిన వాళ్ళలో సగానికి పైగా నాలాగే కవరు చంకన పెట్టుకుని ఈ సందులోకి వచ్చారన్నమాట. ఫంక్షన్ రోజు హెడ్మాస్టర్ గారిని మధ్యలో కూర్చోబెట్టి ఫోటో దిగాం. ఫోటో వచ్చాక నేను మొహాలు చూడలేదు, పెద్దది చేసుకుని అందరి చంకల కింద కుట్లు చూశాను. ఎస్ అని రాసిన పీఈటీ మేడం కుర్తీ రెండు పక్కలా కొత్త కుట్టు. ఆమెకు ఎస్ కూడా వదులే. "పుల్ల మేడం" అని పిల్లలు వెనకాల అనే మాట ఆమె చెవిన పడే ఉంటుందని నాకు అప్పుడు గానీ తట్టలేదు.

ఆ టైలరక్క మాట, "లోపల పావించు గూడా లేదు" అన్నది, నన్ను వదల్లేదు. ఆ ఆదివారం బీరువాలోంచి నా పెళ్ళి జాకెట్టు తీశాను. 2005లో ధర్మవరం పోయి కొన్న పట్టుచీర, నెమలికంఠం రంగు. చీరకు సైజు లేదు కాబట్టి దానితో పేచీ లేదు. జాకెట్టు మాత్రం నాతో పాటు పెరిగింది. తాడిపత్రిలో మా అమ్మకు కుట్టే ముసలాయన కుట్టాడు దాన్ని. అప్పుడే చెప్పాడు, "లోపల రెండించులు వదిలినా, పనికొస్తది" అని. 23 ఏళ్ళ పిల్లకు, ఎముకలు కనపడే పిల్లకు, ఆ రెండించులు ఎందుకో అర్థం కాలేదు.

తిప్పి చూస్తే పక్కన వరసగా సూది రంధ్రాలు, నాలుగు గీతలు. మొదటిది పెళ్ళినాటిది. రెండోది పాప పుట్టాక, అంటే 2008 చివర. మూడోది బాబు తర్వాత. నాలుగోది 2019లో, థైరాయిడ్ బయటపడిన ఏడాది, మా మరిది పెళ్ళికి. ఒక్కో కుట్టు విప్పినప్పుడల్లా లోపలి గుడ్డ బయటికి వచ్చింది కదా, అది వెలుగు చూడని గుడ్డ. అందుకే పక్కన మూడు చారలు మూడు రంగుల్లో ఉన్నాయి, వీపు వైపు వెలిసిన నీలం, అంచు దగ్గరికి పోయేకొద్దీ కొట్టులో కొన్న రోజున ఉన్నంత నిగనిగ. బ్లేడుతో ఆ కుట్లు విప్పింది నేనే, ఆ ముగ్గురు టైలర్లలో ఎవరూ నన్ను "లావయ్యావు" అన్నట్టు గుర్తు లేదు. "ఈసారి ఒక కుట్టు వదులుదాం" అనేవాళ్ళు. ఇప్పుడిక వదలడానికి లేదు, అంచు దాకా వచ్చేశాం.

దసరా సెలవుల్లో రాయదుర్గం పోయాను, మా మేనత్త ఊరు. కళ్యాణదుర్గం మీదుగా బస్సు. రాయదుర్గం అంటే జీన్సు, మా జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. ఏ వీధిలోకి పోయినా మిషన్ల చప్పుడే, అరుగుల మీద ఆడవాళ్ళు ప్యాంట్ల కుప్పలు ముందేసుకుని చిన్న కత్తెరలతో దారాలు కత్తిరిస్తూ ఉంటారు, పీసుకు ఇంత అని. మా అత్త కొడుకు ఇరవై మిషన్లతో ఒక షెడ్డు నడుపుతున్నాడు. అత్త ఉగ్గాని, బజ్జీ తినిపించాక షెడ్డు చూస్తానని వెళ్ళాను.

"ఏం మరదలా, తనిఖీకొచ్చినావా?" అన్నాడు బావ.

గోడకు ప్లాస్టిక్ కవర్లు వేలాడుతున్నాయి, పాన్ షాపులో వక్కపొడి పొట్లాల్లా. వాటిల్లో లేబుళ్ళు. 28, 30, 32, 34, 36. ఒక అమ్మాయి చెయ్యి చూడకుండా కవర్లోకి పెట్టి ఒక లేబులు తీసి నడుం పట్టీలో పెట్టి కుట్టేసి పక్కకు విసురుతోంది. అంతే పని. నేను కాసేపు ఆ చేతినే చూశాను. పేర్లు పెట్టే వేడుకకు పట్టినంత సేపు కూడా పట్టదు.

బావ టేపు అడిగి తీసుకుని, 32 అని లేబులున్న ప్యాంటు నడుమును బల్ల మీద అడ్డంగా పరిచి కొలిచాను. 17 పావు. రెండింతలు చేస్తే 34న్నర. ఇంకో పార్టీకి కుట్టే 32 కొలిచాను. 33.

"బావా, నీ అంకెలు తప్పు."

"నావి కాదు. పార్టీ చార్టు పంపుతాడు, మనం కుట్టేదే. ఒక్కో పార్టీకి ఒక్కో చార్టు. 35 అని రాస్తే ఎవడు కొంటాడు? 32 అని రాస్తే వానికి సంతోషం, మనకు సరుకు పోతాది."

మగవాళ్ళ ప్యాంట్లలోనే ఇంత మర్యాద చేస్తున్నారా అని నవ్వొచ్చింది. ఆడవాళ్ళ బట్టల్లోనూ ఇదే సంగతి కదా, ఒక చోట ఎల్ పట్టినప్పుడు ఎగిరి గంతేసి, ఇంకో చోట డబుల్ ఎక్సెల్ పట్టనప్పుడు కుమిలిపోయిన రోజులు రెండూ గుర్తొచ్చాయి. ఆ రెండు రోజుల్లో నా నడుం ఒకటే.

కటింగ్ మాస్టర్ ఇంకో సంగతి చెప్పాడు, అది నాకు ఇంకా నచ్చింది. ముందు ఒక సైజుకే నమూనా తీస్తారట. అది కుదిరాక, మిగతా సైజులకు ఒక్కో చోట ఇంత అని కలుపుకుంటూ పోతారు. కుర్తీలకైతే ఛాతీకి రెండించులు, భుజానికి అర ఇంచు, ఇట్లా. ఎం అంటే 38, ఎల్ 40, ఎక్సెల్ 42, డబుల్ ఎక్సెల్ 44.

వింటూనే నా నోటికి వచ్చేసింది, "అంకశ్రేఢి!"

పదో తరగతిలో శ్రేఢుల పాఠం. మొదటి పదం 38, సామాన్య భేదం 2. ఇన్నేళ్ళుగా చెప్తున్నాను, నా కుర్తీల బీరువాలోనే ఒక అంకశ్రేఢి ఉందని చూసుకోలేదు. ఇక ఇంటికొచ్చి నా లెక్క వేసుకున్నాను. టైలర్ల పాత చీటీలు కొన్ని దాచుకున్న అలవాటు ఇప్పుడు పనికొచ్చింది. 2005లో నా ఛాతీ 33, నడుం 27, భుజం 14. ఇప్పుడు 41, 38, 14న్నర. అంటే ఛాతీ 8 పెరిగింది, నడుం 11 పెరిగింది, భుజం అర ఇంచు పెరిగింది, చేతుల పొడవు ఏమీ పెరగలేదు. ఒంట్లో ఏ రెండింటికీ ఒకే భేదం లేదు. గుడ్డ మాత్రం అన్ని చోట్లా లెక్క ప్రకారం పెరుగుతుంది. నాకు పొట్ట దగ్గర పట్టే కుర్తీ ఎప్పుడూ భుజాల మీంచి ఎందుకు జారుతుందో, అద్దంలో మా పెద్దమ్మ రవిక తొడుక్కున్నట్టు ఎందుకుంటుందో అప్పుడర్థమైంది. డబుల్ ఎక్సెల్ తీసేవాడి లెక్కలో నడుం పెరిగిన మనిషికి భుజాలు కూడా పెరిగి తీరాలి.

తర్వాత సెలవులు మిగిలాయి కాబట్టి కాస్త చదివాను. 1939, 40ల్లో అమెరికాలో దాదాపు 15 వేల మంది ఆడవాళ్ళను ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున కొలిచారు. కొలిచింది ఏ శాఖ అనుకున్నారు, వ్యవసాయ శాఖ! తెల్లవాళ్ళు కానివాళ్ళ కొలతలను లెక్కలోంచి తీసి పక్కన పెట్టారు. ఆ కొలతల మీదే 1958లో అక్కడి సైజుల ప్రమాణం వచ్చింది, 1983లో దాన్ని ఎత్తేశారు. అప్పటికే కంపెనీలు తమకు తోచిన అంకెలు వేసుకోవడం మొదలైపోయింది. మన దగ్గర అమ్మే రెడీమేడ్‌కు ఎక్కువగా ఆధారం ఆ అమెరికా, బ్రిటన్ పట్టికలే, కొంచెం అటూ ఇటూ మార్చుకుని. మన ఒళ్ళు కొలవాలని నిఫ్ట్ (ఫ్యాషన్ చదువులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళు ఈ మధ్య ఇండియా సైజ్ అని ఒక పని తలకెత్తుకున్నారు, 15 నుంచి 65 ఏళ్ళ వాళ్ళను 25 వేల మందికి పైగా, ఆరు నగరాల్లో, త్రీడీ స్కానర్లతో. అందులో హైదరాబాదు ఉంది. కల్లూరులోనో గుత్తిలోనో చేలో కలుపు తీసే ఆడమనిషి ఆ స్కానర్ ముందు నిలబడుతుందా అంటే, నిలబడదు. సరే, ఆమె రెడీమేడ్ కుర్తీ కొనే రోజు కూడా ఎప్పుడో వస్తుంది.

ఇంకో పరిశోధన ఇంట్లోనే జరిగింది. మా ఆయన "నాది 34. పెళ్ళప్పుడదే, ఇప్పుడదే" అని ఇరవై ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు, నా ముందు, మా అమ్మ ముందు, ఎవరైనా బరువు మాట ఎత్తితే చాలు. ఇస్త్రీ చేసేటప్పుడు ఆయన ప్యాంటు పరిచి టేపు పెట్టాను. 37. ఇంకోటి పరిచాను. 36న్నర. టేపు చుట్టి సొరుగులో పెట్టేశాను. చెప్పలేదు. సంతోషంగా ఉన్న మనిషిని కదిలించడం ఎందుకు? పైగా ఆ టేపు నాకు ముందు ముందు ఏదో ఒక గొడవలో పనికిరావచ్చు.

ఇదంతా నవ్వుకుంటూ రాస్తున్నాను గానీ, నవ్వు రానిది ఒకటి ఉంది.

మా పాప ఇంటర్ సెకండియర్. రెండు నెలలుగా రాత్రి ఒక చపాతీ చాలంటోంది. పరీక్షల టెన్షన్ అనుకున్నాను. మొన్న దండెం మీద బట్టలు తీస్తుంటే, తన టాపుల మెడ వెనక లేబుళ్ళు లేవు. ఒకదానికి కాదు, అయిదింటికీ. కత్తిరించిన చోట రెండు మిల్లీమీటర్ల తెల్ల పీలిక, దారాలు విడిపోకుండా జాగ్రత్తగా, వంకర లేకుండా. ఆ కత్తిరింపు నాకు తెలుసు. అట్లా కత్తిరించేది నేను. గోళ్ళ కత్తెరతో. కొత్త బట్ట ఇంటికొచ్చిన రోజే, దండెం మీద ఆరేసినప్పుడు పక్కింటివాళ్ళ కంట పడకూడదని.

"లేబుళ్ళేమైనాయి పాపా?"

"గుచ్చుకుంటున్నాయి" అంది, పుస్తకంలోంచి తలెత్తకుండా.

మా ఆయన అడిగితే నేను చెప్పే మాట కూడా అదే. ఇన్నేళ్ళుగా, అదే మాట, అదే గొంతు. గుచ్చుకుంటోంది.

నేను అక్కడ ఏదైనా మంచి మాట చెప్పి ఉండాల్సింది. ఏమీ తోచలేదు. పోయి చపాతీల పిండి కలిపాను, మామూలుగా కలిపే దానికంటే ఎక్కువ. ఆ రాత్రి పడుకునే ముందు మాత్రం గ్రూపులో నేను ఎక్సెల్ అని అబద్ధం రాసిన కథ మొత్తం చెప్పాను తనకు, చారు పొంగడం దగ్గర్నుంచి. కుర్తీలో ఇరుక్కున్న నన్ను లాగింది తనే కదా, ఆ ముందు జరిగింది తెలియదు. బాగా నవ్వింది. "అమ్మా, ఆ రోజు నువ్వు ఏడుస్తావేమోనని నేనేం మాట్లాడలేదు" అంది. రాయదుర్గం లేబుళ్ళ కవర్ల సంగతీ చెప్పాను. ఎక్సెల్ అనేది ఆ కుర్తీ పేరు పాపా, నేను దాన్ని నా పేరు పక్కన రాసుకున్నాను అన్నాను. "నాన్న ప్యాంటు నిజంగా 37 ఆ?" అని మాత్రం రెండుసార్లు అడిగింది. రెండో చపాతీ తిన్నదా అంటే, ఆ రోజు తినలేదు.

కార్తీకంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. పాపకు లంగా ఓణీ. జాకెట్టు కుట్టించడానికి నిన్నగాక మొన్న కాదు, పది రోజుల కిందే పాతూరు తీసుకుపోయాను. టైలరక్క టేపు మెడలోంచి తీసి కొలుస్తూ, సందు మొత్తానికి వినపడేలా చెప్తోంది. నోటుబుక్కు నా చేతికిచ్చింది రాయమని.

"భుజం పదమూడు ముప్పావు. ఛాతీ ముప్పై అయిదు. నడుం ముప్పై."

"ఆంటీ, మెల్లగా" అంది పాప.

"మెల్లగా చెప్తే మీ అమ్మకు వినపడొద్దా? చేతులు దించు. ఊపిరి బిగపట్టొద్దు, బిగబడితే పెళ్ళిలో అన్నం తినలేవు."

పాప పొట్ట వదిలింది. టైలరక్క మళ్ళీ కొలిచింది. "ముప్పై ఒకటిన్నర. అమ్మా, ముప్పై కొట్టేయండి."

కొట్టేసి రాశాను. పాప పేరు పక్కన, 13 ముప్పావు, 35, 31న్నర. పాప నా భుజం మీంచి వంగి చూసి, "నీ ఏడు రెండులా ఉంటుంది, మూడైనా సరిగ్గా రాయి" అంది.

"లోపల ఎంత వదలాల?" అడిగింది టైలరక్క.

"రెండించులు."

గురువారం ఇస్తానంది. గురువారం పోతే శనివారం అంది. ఈ రోజు సోమవారం, మిషన్ మీద ఇంకెవరిదో ఎర్ర జాకెట్టు ఉంది.